ఆరు బస్సుల మోహనం

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు తొమ్మిదిన్నర బస్సులో దిగుతారు. పదీ పదికి పక్క ఊరి బస్సు ఎక్కుతారు. మధ్యలో ఉన్న నలభై నిమిషాల్లో కూతురు ఆయనకు ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి, తిరుగు ప్రయాణంలో ఒక్క పూటైనా తమ ఇంటికి వచ్చేలా ఒప్పించాలి. ఇందులో అల్లుడు చేయాల్సిన పని నోరు మెదపకుండా ఉండటం ఒక్కటే. "మీరేం మాట్లాడకండి. నమస్కారం పెట్టి పక్కకెళ్లిపోండి, చాలు" అని ఆవిడ జడ వేసుకుంటూ మూడుసార్లు చెప్పింది. అతను మూడుసార్లూ బుద్ధిగా తలాడించాడు. ఎనిమిదేళ్ల కాపురంలో అతను అంత తేలిగ్గా తలాడించిన ప్రతిసారీ ఏదో ఒకటి మీదికి వచ్చింది. పాపం, తొందరలో ఉండి ఆవిడ ఆ సంగతి గమనించలేదు.

అతను బస్టాండును ఆనుకునే ఉన్న బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్. లైట్లూ వైపర్లూ అన్నీ చూస్తాడు కానీ, చెయ్యి తిరిగింది మాత్రం హారన్లలో. డ్రైవర్లంతా హారన్ డాక్టర్ అంటారు. మామగారేమో వయొలిన్ విద్వాంసులు. పెళ్లి మాట వచ్చిన రోజునే ఆయన, పొద్దస్తమానం హారన్లు మోగించుకునేవాడికి చెవులెక్కడుంటాయి, చెవుల్లేని ఇంటి గడప నేను తొక్కను అనేశారు. పెళ్లయితే జరిగింది కానీ, గడప మాత్రం ఆయన తొక్కలేదు. కూతురు ఏటా రమ్మంటుంది, ఆయనకు ఏటా అదే వారంలో మోకాలు పట్టేస్తుంది. ఇప్పుడు డెబ్భై ఆరేళ్లు. ఈసారి రాకపోతే ఇక రారేమోనని ఆవిడ బెంగ. పైకి అనదు కానీ, ఆయనతో మాట్లాడి ఫోను పెట్టేశాక కాసేపు ఊరికే గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. ఆ చూపు అతను భరించలేడు. వెళ్లి ఏదో ఒక స్విచ్చి బోర్డు విప్పదీసుకుని కూర్చుంటాడు.

రెండు నెలలుగా అతను గుట్టుగా ఒక పని చేస్తున్నాడు. హారన్ వెనక చిన్న స్క్రూ ఉంటుంది. అటు తిప్పితే గొంతు లేస్తుంది, ఇటు తిప్పితే దిగుతుంది. మామగారు వయొలిన్ కోసం కట్టిన స్వరపల్లవి ఒకటి ఉంది, మోహన రాగంలో. భార్య రోజూ పొద్దున్నే వాయించేది అదే. మోహనానికి ఐదు స్వరాలు, పై షడ్జంతో కలిపి ఆరు. అందుకని రిపేరుకొచ్చిన బస్సుల్లో ఆరింటిని ఏరుకుని, స్క్రూలు తిప్పీ తిప్పీ వాటిని ఆరు స్వరాలకు కుదిర్చాడు. అదే ఏడు స్వరాల రాగమైతే ఎనిమిది బస్సులు కావాలి. ఎనిమిది బస్సులు ఒకేసారి కండిషన్‌లో ఉండటం ఆ డిపో చరిత్రలో లేదు.

డ్రైవర్లు ఆరుగురూ మధ్యాహ్నం భోజనాల దగ్గర నోటితోనే సాధన చేశారు. సూత్రం ఒక్కటే. హారన్ డాక్టర్ చేతిలోని టెస్టర్ ఎవరి వైపు చూపిస్తే వాళ్లు నొక్కాలి. పల్లవి మూడుసార్లు తిరిగేదాకా, కొంపలు మునిగినా సరే, ఆపకూడదు. పెద్ద డ్రైవరుకు పై షడ్జం ఇచ్చారు. ఆ గర్వం కొద్దీ ఆయన వారం రోజుల ముందే తన బస్సు అద్దాలు కడిగించాడు.

మామగారు వేళకే దిగారు. బస్టాండు బెంచీ మీద కూర్చుని, కూతుర్ని చిక్కిపోయావన్నారు. అల్లుడు వచ్చి నమస్కారం పెట్టాడు. ఆయన అతని భుజం మీదుగా వెనకాల టైంటేబుల్ బోర్డు చదువుకున్నారు. ఇచ్చిన మాట ప్రకారం అతను పెదవి విప్పకుండా పక్కకు వెళ్లాడు. వెళ్లి, ఆ ఆరు బస్సులూ వరసగా నిలిచి ఉన్న ప్లాట్‌ఫారాల ఎదురుగా పేర్చిన పాత టైర్ల గుట్ట ఎక్కి, జేబులోంచి టెస్టర్ తీశాడు.

బస్టాండులో హారన్ మోగితే బస్సు కదులుతోందని అర్థం. రెండు నెలలు స్క్రూలు తిప్పిన మనిషికి, నోటితో సాధన చేసిన ఆరుగురికి, ఇంత చిన్న విషయం తట్టలేదు. మొదటి బస్సు షడ్జం పలకగానే టీ తాగడానికి దిగిన ఆ బస్సు ప్రయాణికులు గ్లాసులు వదిలేసి పరుగెత్తారు. వాళ్లు మెట్టు మీద కాలు పెట్టేసరికి రెండో బస్సు రిషభం పలికింది. రెండో బస్సు వాళ్లు లేచారు. గాంధారం, పంచమం, ధైవతం. ఏ బస్సు ముందు కదులుతుందో తెలియక జనం ఇందులోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి ఎక్కి దిగుతున్నారు. ఒకాయన ఒక బస్సులో సూట్‌కేసునూ ఇంకో బస్సులో భార్యనూ ఎక్కించి, తాను కింద నిలబడిపోయాడు. హారన్ వినగానే ప్రకటన చేయడం ఎంక్వైరీ అమ్మాయి ఉద్యోగం. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి వరసగా పదకొండు ప్రకటనలు చేసింది. పన్నెండోసారికి ఓపిక అయిపోయి, అన్ని బస్సులూ బయలుదేరుతున్నాయి, ఏ బస్సూ బయలుదేరడం లేదు, ప్రయాణికులు గమనించగలరు అంది.

పై అంతస్తులో డిపో మేనేజరు కిటికీ తీసి చూశాడు. విశ్రాంతి గదికి ఫ్యాన్లు కావాలని డ్రైవర్లు అడిగితే చూద్దాంలే అని అప్పటికి వారమే అయింది. కింద జనం ఉరుకులు, టైర్ల మీద ఎలక్ట్రీషియన్ చెయ్యి విసురుళ్లు, ఒకరి తర్వాత ఒకరు మోగిస్తున్న డ్రైవర్లు. సమ్మే, అనుకున్నాడు. ఆయన సర్వీసులో సమ్మెలు చాలా చూశాడు. ఇంత క్రమశిక్షణ ఉన్న సమ్మెను చూడటం ఇదే మొదలు. అదే ఆయన్ను భయపెట్టింది. రెండేసి మెట్లు దిగి, ఎంక్వైరీ అమ్మాయి చేతిలోంచి మైకు లాక్కుని, ఫ్యాన్లు ఇస్తున్నానని ప్రకటించాడు.

సరిగ్గా అప్పుడే హారన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. పల్లవి మధ్యలో నాలుగు లెక్కల సేపు నిశ్శబ్దం. మేనేజరు హమ్మయ్య అనుకుని నుదురు తుడుచుకున్నాడు. రుమాలు జేబులోకి వెళ్లేలోపే మళ్లీ మొదలైంది. మంచాలు కూడా మార్పిస్తానన్నాడు. రెండో చుట్టులో అదే చోట మళ్లీ ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి. ఆదివారాలు వంతులవారీగా సెలవన్నాడు. మూడోసారి ఆగేసరికి ఆయన మనసు కరిగి నీరైపోయింది. ఎవరూ అడక్కుండానే, పోయిన నెల పెద్ద డ్రైవరును పదిమందిలో కసిరినందుకు క్షమించమని మైకులోనే వేడుకున్నాడు. పెద్ద డ్రైవరు కళ్లు తుడుచుకుంటూ పై షడ్జం ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

బెంచీ దగ్గర కూతురికి మొదటి నాలుగు స్వరాలకే విషయం అర్థమైంది. కాఫీ ఫ్లాస్కు మూత నిండి చెయ్యి మీదికి పొంగుతున్నా ఆవిడకు తెలియలేదు. నాన్న వయొలిన్ కోసం కట్టుకున్న పల్లవి, బస్సు హారన్ల మీద. ఇక ఈ జన్మకు ఆయన రారు, అనుకుంది. పెద్దాయన లేచారు. జనాన్ని తప్పించుకుంటూ తిన్నగా టైర్ల గుట్ట దగ్గరికి నడిచారు. ఆవిడ వెనకాలే పరుగెత్తింది. వాళ్లు చేరేసరికి ఆఖరి స్వరం పలికి ఆగింది.

"ఆ మూడో బస్సు గాంధారానికి గమకం ఎలా వచ్చింది?" అన్నారు మామగారు.

అల్లుడు టైర్లు దిగాడు. "బ్యాటరీ వీకండీ. గట్టిగా నొక్కితే ఊగుతుంది."

"అలాగే ఉంచు, మార్చకు. మరి మధ్యలో ఆపారేం? నేను అక్కడ ఆపు పెట్టలేదే."

అతను తెల్లబోయాడు. "పల్లవిలో ఉన్నదే కదండీ. మీ అమ్మాయి రోజూ అక్కడ ఆగి, కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ మొదలుపెడుతుంది. ఎనిమిదేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. అందుకని వీళ్లకీ నేర్పాను."

"నేను ఆగుతానా?" అంది భార్య.

పెద్దాయన చెయ్యి తన కళ్లజోడు మీదికి వెళ్లింది. "కమాను చివరికంటా లాగితే అక్కడ నా కళ్లజోడు జారేది" అన్నారు కూతురితో. "నేను ఆగి సర్దుకునేవాణ్ణి. పక్కన కూర్చుని నేర్చుకుంటూ నువ్వూ ఆగేదానివి. అప్పటికి నీకు కళ్లజోడే లేదు." ఆ తర్వాత అల్లుడి వైపు తిరిగారు. "రోజూ వింటావా?"

"వినందే పనికి వెళ్లబుద్ధి కాదండీ."

పెద్దాయన కళ్లు చెమర్చాయి. అంతలోనే నవ్వు కూడా వచ్చింది. ఆ రెంటిలో దేన్నీ దాచుకోవాలని ఆయనకు అనిపించలేదు. "చెవుల్లేవన్నాను నిన్ను. తప్పయిపోయింది" అని అల్లుడి భుజం పట్టుకుని, "ఇల్లెంత దూరం?" అని అడిగారు. కూతురు చేత్తో వీధి చివర చూపించింది.

ఇది సమ్మె కాదు, సంగీతమని మేనేజరుకు తెలిసేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు. ఆయన పళ్లు నూరుతూ, అసలు మీ డిమాండ్లేమిటని పెద్ద డ్రైవరును నిలదీశాడు. "మాకేం డిమాండ్లు లేవు సార్. మీరిచ్చినవి మాత్రం తీసుకుంటాం" అన్నాడు ఆయన వినయంగా. మాటలన్నీ మైకులో వెళ్లాయి కాబట్టి వాటిని వెనక్కి తీసుకోవడం మేనేజరు వల్ల కాలేదు.

ఎవరి బస్సులో ఎవరున్నారో తేల్చి సర్దడానికి గంటన్నర పట్టింది. పక్క ఊళ్లో మామగారు సంగీత పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్లాలి. ఆయన పోటీల వాళ్లకు ఫోను చేసి, అబద్ధం అలవాటు లేని మనిషి కనుక, ఉన్నదున్నట్టు చెప్పారు. తన పల్లవిని ఆరు బస్సులు వాయించాయనీ, అందులో పంచమం తాను ఎక్కాల్సిన బస్సేననీ, గాంధారం బ్యాటరీ వీకు కావడం వల్ల ఎంతో బాగా వచ్చిందనీ, అందుచేత రాలేననీ అన్నారు. అవతల ఫోను ముగ్గురి చేతులు మారింది. తర్వాత ఎవరో ఎంతో మెత్తగా, పోటీల సంగతి మరచిపొమ్మనీ, కూతురి ఇంట్లో వారం రోజులు కదలకుండా పడుకొమ్మనీ చెప్పారు.

వాళ్ల మాట తీసేయలేక ఆయన పదిహేను రోజులు ఉన్నారు.