హుస్సేన్‌పీరా గారి జాన

లోకంలో పొడవును కొలవడానికి రెండు ప్రమాణాలున్నాయి. ఒకటి మీటరు. దాన్ని మిగతా ప్రపంచం వాడుకుంటోంది. రెండోది హుస్సేన్‌పీరా గారి కుడిచేతి జాన. ప్రత్తిపాడులో మిరప తొడిమలు తీసే యంత్రాల పరిశ్రమ యావత్తూ (అంటే ఒక రేకుల షెడ్డు, రెండు వెల్డింగ్ మిషన్లు, ఒకే కుటుంబం) దాని మీదే నడుస్తోంది.

పత్తి ఏకే ఇంట్లో పుట్టి యంత్రాలు కట్టడం మొదలుపెట్టిన పెద్దాయన, చెయ్యి ఉండగా స్కేలెందుకన్నారు. డ్రమ్ము నాలుగు జానలు. చట్రం ఐదు జానలు. జల్లెడ సందు చిటికెన వేలు. కొత్త మిషను మొదలుపెట్టే రోజున ఆయన్ను కుర్చీతో సహా షెడ్డులోకి మోసుకొచ్చేవారు. ఆయన బల్ల మీద జానలు వేస్తుంటే కొడుకు ముబీన్ సుద్దతో గీతలు గీసేవాడు. ఆరేలోపు ఆ గీతల మీద చెయ్యి పెట్టడం సంస్థ నియమాలకు విరుద్ధం (సుద్ద గీత ఎప్పుడు ఆరుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ పెట్టలేదు).

ముబీన్ కూతురు నగ్మా మెకానికల్ ఇంజనీరింగ్ పాసై సంస్థలో చేరింది. మొదటి ఏడాది సుద్దముక్క అందించింది. పనితీరు మెచ్చి, రెండో ఏడాది పెద్దాయన కుర్చీ ఒక కోడు పట్టుకోనిచ్చారు. ఆమెకు కావలసింది ఒక్కటే. తను గీసిన డ్రాయింగు ప్రకారం ఒక్క మిషనైనా కట్టాలి.

"కడదాంలేమ్మా, ఈ సీజను పోనీ," అనేవాడు ముబీన్. మిరప సీజను పోగానే పత్తి సీజను వచ్చేది.

అలా ఉండగా కనిగిరి నుంచి తోమా అనే రైతు ఆటోలో రెండు డ్రమ్ములు తెచ్చి దించాడు. ఒకటి ఏనాడో మిషనుతోపాటు ఇక్కడే కొన్నది. రెండోది, అది అరిగిపోతే మొన్న పట్టుకెళ్లిన కొత్తది.

"కొత్తది లోపల లొడలొడలాడతందయ్యా. కాయలన్నీ తొడిమల్తోనే అవతల పడతన్నయ్."

ముబీన్ సర్వీసు విభాగం తరఫున కాసేపు ఆలోచించాడు. "మీ కనిగిరి ఎండకి మిషను బాడీ సాగుంటదండి."

"ఆ ఎండకి మేమే ఒరుగుల్లాగా ఎండిపోతన్నాం. ఇనుమెట్టా సాగుద్దయ్యా?"

నగ్మా రెండు డ్రమ్ములనూ పక్కపక్కన పెట్టింది. రెండూ నాలుగు జానలే. కానీ కొత్తది మూడంగుళాలు పొట్టిగా ఉంది. ఆమె కుర్చీలో ఉన్న తాతయ్య చేతివైపు చూసింది. కీళ్లవాతంతో వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. ఆ చేతితోపాటే ఏటికేడూ సంస్థ ఉత్పత్తులు కూడా కుదించుకుపోతూ వచ్చాయి.

"నాన్నా, ఇనుముకేం కాలేదు," అంది నెమ్మదిగా. "తాతయ్య వేళ్లే వంగిపోయాయి."

షెడ్డులో వెల్డింగ్ ఆగిపోయింది. వంటింటి గుమ్మంలోంచి నానమ్మ మస్తాన్‌బీ గొంతు లేచింది. "ఏమే, ఆ చెయ్యి పట్టుకొని నడక నేర్చినదానివి, ఇయ్యాల దానికే కొలతలు తీస్తన్నావా?"

పెద్దాయన చెయ్యి చాపి చూసుకున్నారు. "అరవమాకే. పిల్ల చెప్పింది నిజమే. ఒరేయ్ ముబీనూ, స్కేలు కొనుక్కోండ్రా. నన్నింక వదిలెయ్యండి."

నగ్మాకు ఆ పూట అన్నం సహించలేదు. సంతోషం అలాంటిది. మర్నాడు ముబీన్ గుంటూరు వెళ్లి, తళతళలాడే స్టీలు స్కేలు తెచ్చాడు. ఆమె బల్ల మీద తన డ్రాయింగు పరిచింది. ముబీన్ ఆ స్కేలును తండ్రి చేతి పక్కన పెట్టి, జానకు మించిన భాగాన్ని కట్టర్‌తో కోసి పారేశాడు.

"ఇప్పుడు సరిపోయింది. ఇక నాయన్ని మోసుకొచ్చే పని లేదు."

"మరి నా డ్రాయింగు?"

"నిక్షేపంగా కట్టుకో తల్లీ. నీ కొలతలన్నీ దీంట్లోకి మార్చుకో, అంతేగా."

తోమా సమస్య కూడా సామరస్యంగా తీరింది. అతని పాత మిషనును తెప్పించి, కొత్త డ్రమ్ముకు సరిపడేలా కోసి పొట్టి చేసి పంపారు.

లోపాన్ని కనిపెట్టినందుకు నగ్మాను క్వాలిటీ కంట్రోల్ మేనేజరును చేశారు. నెలనెలా స్కేలును తాతయ్య దగ్గరికి తీసుకెళ్లి, ఆయన జానతో సరిచూడటం ఆమె బాధ్యత.

"ఇంకా ఎందుకమ్మా ఇది?" అంటూనే మొదటి నెల ఆయన చెయ్యి చాపారు.

స్కేలు ఆయన జానకన్నా ఒక గీత పొడవుంది. తప్పు స్కేలుదేనని నిర్ధారించి, నగ్మా దాన్ని ఆకురాయితో అరగదీసింది.