చూసినవే రాసే సారు

2003 మే నెల. ఆ ఆదివారం పొద్దున గోపాల్ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఎనిమిదింటికి కోటగిరి వైపు కాలువ గట్టు ఎక్కాలి, రెండు గంటలు నడవాలి, కనబడిన సీతాకోకచిలుకలను నోటుబుక్కులో రాసుకోవాలి, ఎండ ముదరకముందే బాన్సువాడ బస్సెక్కాలి. హైదరాబాదు ప్రకృతి ప్రేమికుల సంఘం ఒకటి కాలేజీల చేత ఊరూరా ఈ లెక్క తీయిస్తోంది, ఎక్కువ చూసిన కాలేజీ పేరు పేపర్లో వేయిస్తుంది. గోపాల్ బాన్సువాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాడు, కాంట్రాక్టు మీద. ఏటా జూన్‌లో కొత్త ఆర్డర్ రావాలి.

"కాలేజీ పేరు పేపర్ల పడాలె గోపాల్. పడితే నీ జూన్ ఆర్డర్ మీద సంతకం పెడత," అంది ప్రిన్సిపాల్ శాంతకుమారి. పడకపోతే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. కిందటేడు ఇద్దరు లెక్చరర్లు ఆ సంతకం పడకనే ఇంటికి పోయారు.

గట్టుకు ఒక పక్క రత్తయ్య నిమ్మతోట. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడిన రైతు. గోపాల్ నోటుబుక్కు తీసి నాలుగు గీతలు గీసేసరికి ఆయన మజ్జిగ చెంబుతో ఎదురొచ్చాడు.

"ఏం రాస్తన్నారండీ మాష్టారూ?"

"సీతాకోకచిలుకల లెక్క. మీ తోటలనే ఇరవై దాక ఉన్నయి."

రత్తయ్య నమ్మనట్టు నవ్వాడు. ఆ ఏడు రెక్కల పురుగు వాలి యాసంగి వరి సగం తాలైంది. ఎండాకాలంలో నోటుబుక్కు పట్టుకుని పొలాల వెంట తిరిగేవాడు పంట నష్టం రాసే సారు కాక ఇంకెవరు? ఎన్ని పురుగులు రాస్తే అంత పరిహారం. ఆఫీసు మనిషి ఉన్న సంగతి ఉన్నట్టు చెబుతాడా?

అరగంటలో కబురు పాకి, అవతలి గట్టు నుంచి పండరి వచ్చాడు. తాతల కాలం నుంచీ ఇక్కడే సేద్యం చేసే ఇంటివాడు.

"ఏంది సారూ, నిన్నమొన్న వచ్చినోళ్లకు ఇరవై రాస్తివట. మా దిక్కు సూడనే సూడవా?"

"అన్నా, గిది నష్టం లెక్క కాదు. ఉత్త సీతాకోకచిలుకలే."

"ఉత్తగ ఎవడన్న లెక్కపెడ్తడా? నాకు ముప్పై రాయి."

"చూడకుంట ఎట్ల రాస్త? నా కండ్లతోని చూసినయే రాస్త. రూలు గంతే."

"గట్లనా," అన్నాడు పండరి, దారి దొరికినట్టు. అటు పోయాడు. ఆ మాట విన్న రత్తయ్య ఇటు పోయాడు. పీడ వదిలిందని గోపాల్ సంబరపడ్డాడు, పిచ్చివాడు. కాసేపటికి రెండు వైపులా స్ప్రే పంపులు మొదలైతే, ఆదివారం పూట కూడా ఎంత కష్టపడుతున్నారో అని మెచ్చుకున్నాడు కూడా. మందు వాసన ముక్కుకు తగిలాక గానీ అతనికి అర్థం కాలేదు. ఉరికేసరికి ఆలస్యమైపోయింది.

పండరి చాటతో వచ్చాడు. రత్తయ్య అట్టపెట్టెతో వచ్చాడు. పసుపువి, నల్లవి, నీలి చుక్కలవి, ఒకదాని మీద ఒకటి. కొన్నింటి రెక్కలు ఇంకా కొట్టుకుంటున్నాయి.

"ఎగిరితే లెక్క తప్పుతవ్ సారూ. ఇగ కూసోని రాస్కో. నూట పన్నెండు."

"మావి నూట నలభై అండీ. కావాలంటే మీరే ఎంచుకోండి."

"నూట నలభైయా? తునిగిన రెక్కలు గూడ కలిపిండు," అన్నాడు పండరి.

గోపాల్‌కు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు సీతాకోకచిలుకల కోసమో, జూన్ ఆర్డర్ కోసమో అతనికే తెలియదు. ఎగిరేవి మాత్రమే రాయాలని సంఘం నియమం. ఎగురుతుండగా అతను రాసుకున్నవి ఇరవై ఆరు. ఇరవై ఆరుకు ఏ పేపరువాడూ పేరు వేయడు. గట్టు మీద కూలబడి చాటలోవీ పెట్టెలోవీ ఎంచి, ఆ ఇరవై ఆరూ కలిపి రెండు వందల డెబ్భై ఎనిమిది అని రాశాడు. రాస్తున్నంతసేపూ సిగ్గుతో తల ఎత్తలేదు.

కాలేజీకి జిల్లాలో మొదటి స్థానం. పేపర్లో కాలేజీ పేరు, కింద శాంతకుమారి ఫోటో పడ్డాయి. గోపాల్‌కు సంతకం దొరికింది. ఆ పేపరు గట్టు కింది ఊళ్లకూ చేరింది. ఇన్ని పురుగులున్నాయని పేపర్లోనే పడ్డాక రైతు ఊరుకుంటాడా? వానకాలమూ యాసంగీ గట్టు పొడుగునా మందు కొట్టారు, జిల్లేళ్లూ తుప్పలూ నరికి కాల్చారు.

మళ్లీ మే వచ్చింది. ఈసారి అబద్ధం రాయనని ఒట్టు పెట్టుకుని గోపాల్ అదే గట్టు మీద రెండు గంటలు నడిచాడు. ఒక్కటీ కనబడలేదు. సున్నా వేసి ఇచ్చాడు.

"పోయినేడు రెండొందల డెబ్భై ఎనిమిది, గీ ఏడు సున్ననా? గట్టు ఎక్కకుండనే రాసినవా?" అంది శాంతకుమారి.

"ఎక్కిన మేడమ్. చూసిందే రాసిన."

జూన్‌లో అతనికి అందిన కాగితంలో తొలగింపుకు కారణం ఒక్కటే ఉంది: తప్పుడు లెక్క.