ఒక్క వదినకే చెప్పింది

మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఆపరేటరు ఆ పొద్దున వేసుకున్న ఎత్తు చాలా చిన్నది. పదింటికి తనిఖీ ఇంజనీరు వస్తాడు, ఊరి మురుగు ఎంత బాగా శుభ్రమవుతోందో చూసి మార్కులు వేస్తాడు. మార్కులు తగ్గాయా, ఆపరేటరుకు ఎక్కడో దూరపు ఊరికి బదిలీ. కొత్తింటి గోడల రంగు ఇంకా ఆరనైనా లేదు పాపం! అందుకే చెప్పులు వేసుకుంటూ భార్యతో అన్నాడు:

"సబ్బునీళ్ళొస్తే తొట్టిలో నురగ లేస్తుందే. మధ్యాహ్నం దాకా బట్టలు ఉతకొద్దని పక్కింటి వదినకి చెప్పు."

"ఒక్క వదినకేనా?"

"ఒక్క వదినకే. ఊరంతటికీ అది చాలు."

చెప్పింది. అంతకు మించి ఇంకేమీ చెయ్యలేదు మహాతల్లి.

పదిన్నరకు ఇంజనీరు, మురుగు ఎంత వస్తోందో చూపే మీటరు ముందు నిలబడి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ముల్లు సున్నా మీద హాయిగా పడుకుని ఉంది.

"ఏమయ్యా, మీటరు చచ్చిందా, ఊరు చచ్చిందా? మురుగేదీ?"

"దార్లో ఉంది సార్, వచ్చేస్తుంది," అన్నాడు ఆపరేటరు, ఆలస్యమైన చుట్టం గురించి చెప్పినట్టు.

"మురుగే లేకపోతే మార్కులు దేనికెయ్యను? నేనూ సున్నాయే రాస్తా!" అంటూ ఇంజనీరు విసవిసా మరుగుదొడ్డి వైపు నడిచాడు. అక్కడ వాచ్‌మన్ తలుపుకు అడ్డంగా చేతులు చాపేశాడు.

"వద్దు సార్! ఇవాళ నీళ్ళు వదిలితే గొట్టాలు పేలిపోతాయట. మా ఆవిడ ఫోన్ చేసి మరీ చెప్పింది. పొద్దుట్నుంచి నేనే బిగబట్టుకునున్నా!"

ఆపరేటరు గుండె జారి ఆ తొట్టిలోనే పడింది. ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏం చెప్పావే వదినకి?"

"బట్టలొద్దన్నానండీ. వదిన స్నానాలు కూడా వద్దందట. వెనకింటి పిన్నిగారు ఇంకోటి కూడా వద్దన్నారట. ఊరంతా కాళ్ళు మెలేసుకుని కూర్చుంది!"

"కొంప ముంచావు కదే! అందర్నీ వెంటనే వెళ్ళమను!"

"ఎక్కడికండీ?"

"ఎక్కడికి వెళ్ళకుండా ఆగారో అక్కడికే!"

పావుగంటలో ఊరు ఊరంతా ఒక్కసారే వెళ్ళింది. ఆ వెంటనే స్నానాలు, బట్టలు, గిన్నెలు. కాలవ హోరెత్తింది, ముల్లు చివరికంటా లేచి వణికింది. ఆపరేటరు ఖాళీ తొట్టి గేటు ఎత్తాడు, గాలి మోటార్లు రెండూ తిప్పాడు, నడుము దాకా నురగలో మునిగి పెళ్ళికొడుకులా తెల్లగా మెరుస్తూ గొట్టంతో నీళ్ళు చిమ్మాడు. సాయంత్రానికి బయటికి వచ్చిన నీళ్ళు గాజు జాడీలో పడితే, దాని వెనక పెట్టిన పేపరు గడగడా చదవొచ్చు.

అప్పటికి తానూ వెళ్ళొచ్చి తేలికపడ్డ ఇంజనీరు ఆ జాడీని ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. "నాలుగింతల మురుగు ఒక్కసారిగా మీద పడినా ఇంత తేటగానా! నూటికి నూరయ్యా నీకు!"

వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. ఇంతటి సమర్థుణ్ణి ఇక్కడ ఉంచడం వృథా కాబట్టి, దూరపు ఊళ్ళో మూలపడిన కేంద్రాన్ని బాగుచెయ్యడానికి అతణ్ణి బదిలీ చేశారట.

సామాను సర్దిపెట్టడానికి ఊరు ఊరంతా తరలివచ్చింది. వాళ్ళావిడ ఒక్క వదినకే చెప్పింది.