కూర్చోవమ్మా, కూర్చో!

యమున పొంగి, వరద నీళ్లు రింగురోడ్డెక్కి ఎర్రకోట గోడను ముట్టుకున్న ఏడాది మా మనవరాలు వర్షిణికి వెన్నెముక ఆపరేషన్ అయింది. ఆ ఏడాది నుంచే మా ఇంటికి మహర్దశ పట్టింది!

నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను. ఢిల్లీ చుట్టుపక్కల సుఖంగా బతకాలంటే ఇంటికొకరు వెన్నెముక ఆపరేషన్ చేయించుకోవాలి.

ఎందుకంటారా? కుర్చీ కోసం!

ఈ ఊళ్లో కుర్చీ దొరకడం మాటలా? బ్యాంకులో దొరుకుతుందా? ఆస్పత్రిలో దొరుకుతుందా? మా పిల్లకు మాత్రం వెళ్లిన చోటల్లా కుర్చీ ఎదురొస్తుంది. మందుల షాపువాడు తన స్టూలిస్తాడు. గోల్‌గప్పాల బండివాడు బకెట్టు బోర్లిస్తాడు. ఘాజియాబాద్‌లో మా సొసైటీ పార్కులో అయితే, తను కనబడగానే బెంచీ మీది ముసలివాళ్లంతా లేచి నిలబడతారు. ఇరవై రెండేళ్ల పిల్ల కూర్చుంటే డెబ్భై ఏళ్లవాళ్లు చుట్టూ నిలబడి జాలిపడతారు. ఇంతటి గౌరవం మహారాణులకైనా జరిగిందా?

నేను బడికి వెళ్లిన మూడేళ్లూ నేల మీద కూర్చున్నవాణ్ణి. కుర్చీ విలువ నాకు తెలుసు!

ఆపరేషన్‌కు ముందు వర్షిణి వెన్ను పక్కకు వంగి ఉండేది. స్కోలియోసిస్ అన్నారు. లోపల రాడ్లు పెట్టి, స్క్రూలు బిగించి తిన్నగా చేశారు. ఏడాది తర్వాత ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాడు: "ఎముక బాగా అతుక్కుంది. ఇక నార్మల్ లైఫే. పరుగెత్తు, ఈత కొట్టు, డాన్స్ చెయ్యి."

ఈ మాట మా సొసైటీలో ఎవరికీ వినబడలేదు. వినబడకపోవడమే మంచిదైంది! లేకపోతే మా సొసైటీలో ఉన్న ఇంతమంది సొంత డాక్టర్లు ఏమైపోవాలి? మా పై ఫ్లాటు సరోజినిగారు ఒక్కరే పాతిక జాగ్రత్తలు కనిపెట్టారు. చల్లగాలి తగిలితే రాడ్లు బిగుసుకుంటాయట. లిఫ్టు గబుక్కున ఆగితే స్క్రూలు వదులవుతాయట. ఎవరు చెప్పారంటే, "డాక్టర్లే చెప్పారు" అంటారు. ఆ మాట అన్నాక ఎదురుమాట ఉండదు.

ఆవిడ సలహా మీదే మా కోడలు హైమవతి ఒక మడత కుర్చీ కొని నా చేతిలో పెట్టింది. "మావయ్యగారూ, పిల్ల ఎక్కడికెళ్లినా మీరు వెనకాలే ఉండండి."

నేను ఇంట్లో ఎక్కువ మాట్లాడను. కుర్చీ మోసేవాడికి అంతకన్నా మంచి అర్హత ఏం కావాలి?

లక్ష్మీ నగర్‌లో వర్షిణి సి.ఏ. కోచింగుకు వెనకాలే వెళ్లాను. సాకేత్ మాల్‌కు వెళ్లాను. మెట్రో చెకింగులో దాని వీపులో ఉన్న సామానుకు మెషీను కిమ్మనలేదు. నా కుర్చీని మాత్రం జవాను మూడుసార్లు విప్పి చూశాడు. "ఆపరేషన్" అన్నాను. వెంటనే దారిచ్చాడు. రైలు పెట్టెలో మళ్లీ "ఆపరేషన్" అన్నాను. ఇద్దరు లేచి సీటిచ్చారు! వర్షిణి సిగ్గుతో తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. సీటు వృథా చేయడం ఎందుకని నేనే కూర్చున్నాను.

"తాతా, ప్లీజ్ యార్, నన్నెవరైనా ఒక్కసారి అడగొచ్చు కదా, కూర్చుంటావా అని?" అంది దిగాక.

పిచ్చిపిల్ల. భాగ్యం అడిగి వస్తుందా?

మొన్న చలికాలంలో సరోజినిగారి అబ్బాయి విష్ణుకు పంజాబీ అమ్మాయితో పెళ్లి కుదిరింది. గుర్రం, ఢోలు, బారాత్ ఊరేగింపు! అందులో డాన్స్ చేస్తానని వర్షిణి నెల రోజులు గది తలుపేసుకుని ప్రాక్టీసు చేసింది. ఇంట్లో దాని మొహం అంత వెలిగిపోవడం చూసి చాలా కాలమైంది.

ఢోలు మోగింది. వర్షిణి కాలు కదిపిందో లేదో, సరోజినిగారు కేక పెట్టారు. "బాబాయిగారూ, కుర్చీ!"

వేశాను. కూర్చుంది. ఊరేగింపు నాలుగడుగులు కదిలింది. కుర్చీ ఎత్తాను. ఊరేగింపు ఆగింది. కుర్చీ దించాను. "కూర్చోవమ్మా, కూర్చో!" మళ్లీ కూర్చుంది. పెళ్లికొడుకు గుర్రం మీద, మా పిల్ల కుర్చీ మీద! వీడియోవాడు ఎవరిని తీయాలో తెలియక ఇద్దరినీ తీశాడు.

మలుపు దగ్గరికొచ్చేసరికి నాకే మోకాళ్లు పట్టేశాయి. కుర్చీ వేసుకుని నేనే కూలబడ్డాను. అంతే! వర్షిణి ఢోలు ముందుకు దూకింది.

"అమ్మాయ్! రాడ్లు!" సరోజినిగారు పరుగెత్తారు.

"భాంగ్రాకి నడుంతో పనేంటి ఆంటీ? భుజాలు చాలు!" అంటూ ఆవిడ రెండు చేతులూ పట్టి లోపలికి లాగింది.

వీపు నిటారుగా, భుజాలు ఎగురుతూ, మోకాళ్లు గంతులేస్తూ... నాకు డాన్సులు తెలియవు. కానీ ఢోలువాడు దానికేసి తిరిగి వాయించడం చూశాను.

సరోజినిగారు కూడా రెండు గంతులేశారు. మూడోదానికి వంగినవారు లేవలేదు. "నడుం పట్టేసిందే తల్లీ! కుర్చీ! కుర్చీ!"

కుర్చీ వెనకెక్కడో నా కింద ఉంది. వర్షిణి పరుగెత్తుకొచ్చింది. "తాతా, లేస్తావా? ఆంటీకి కావాలట." నన్ను అడిగి మరీ లేపి, కుర్చీ చంకలో పెట్టుకుని, ఊరేగింపును చీల్చుకుంటూ పరుగెత్తింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆవిడకు సలహాలు మొదలెట్టారు. వర్షిణి మళ్లీ ఢోలు దగ్గరికెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున వర్షిణి తన బ్యాగు తనే తగిలించుకుని కోచింగుకు బయల్దేరింది. అలవాటు కొద్దీ నేను కుర్చీతో గేటు దాకా వెళ్లాను. అది వెనక్కి తిరిగి నావైపు చూసింది. నేను కదల్లేదు. నవ్వి, ఆటో కోసం పరుగెత్తింది.

గేటు పక్కన గార్డు రాంసేవక్ నిలబడి ఉన్నాడు. రాత్రి డ్యూటీ ఇంకా దిగలేదు. గార్డుకు కుర్చీ ఉండకూడదని మా సొసైటీ రూలు. ఇన్నాళ్లూ కుర్చీ మోసుకుంటూ రోజూ అతని ముందు నుంచే వెళ్లాను.

"బైఠోగే?" కూర్చుంటావా అని అడిగాను.

"బాబూజీ, నౌకరీ పోతుంది!"

అప్పుడు నేను కూడా డాక్టరునయ్యాను. "ఎవరైనా అడిగితే, ఇది ఆపరేషన్ పేషెంటు కుర్చీ, ఖాళీగా ఉంచితే స్క్రూలు వదులవుతాయని చెప్పు. డాక్టర్లే చెప్పారని చెప్పు!"

కుర్చీ విప్పి వేసి, చేతులూపుకుంటూ కూరగాయలకు వెళ్లాను. తిరిగి రావడానికి ఏమాత్రం తొందరపడలేదు.