మామగారికి సపోర్ట్ బంద్

ఆ రోజు పొద్దున పిక్సెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, బస్సు కంపెనీకి చేసిన సైట్‌ను చివరిసారి చూసుకోవడం, పదకొండు గంటలకు ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్లి యజమానురాలి చేత సరేననిపించుకోవడం. ఆవిడ కాదంటే అంత పెద్ద పని చేజారుతుంది, దానితోపాటు అతని ఉద్యోగమూ జారుతుంది. ఈ సంగతి మేనేజరు నవ్వుతూనే చెప్పాడు. వెబ్‌సైట్లు తయారుచేసే ఆ ఆఫీసులో పిక్సెల్ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. తెర మీద బొత్తాం ఒక్క పిక్సెల్, అంటే వెంట్రుకవాసి, పక్కకు జరిగితే తిండి సయించని మనిషికి ఇంకో పేరెందుకు?

సైట్ అన్ని బ్రౌజర్లలోనూ చక్కగా తెరుచుకుంటోంది, ఒక్కదానిలో తప్ప. అది తయారుచేసినవాళ్లే ఎప్పుడో వదిలేసిన పాత బ్రౌజరు. ఏం చేసి పెట్టినా నచ్చదు, కొత్తదేదీ తలకెక్కదు, అలిగిందంటే తెల్లమొహం వేసుకుని కూర్చుంటుంది. అందుకని ఆఫీసులో దాన్ని ‘మామగారు’ అంటారు. ఆ పేరు పెట్టింది పిక్సెలే. అప్పటికింకా అతని సొంత మామగారు కూతురింట్లో నాలుగు రోజులుండి పోదామని రాలేదు.

సైట్‌లో తప్పులు పట్టే టెస్టరమ్మాయి ఫోన్ చేసింది. పిక్సెల్ తలుపు దగ్గరగా వేశాడు.

“సార్, మామగారితో మళ్లీ గొడవే. ఏది పెట్టినా పక్కకి జారిపోతోంది.”

“ఇక నా వల్ల కాదమ్మా. ఎన్నాళ్లని మోస్తాను ఆయన్ని? ఇవాళ్టితో మామగారికి సపోర్ట్ బంద్.”

“ఎవరైనా అడిగితే?”

“ఎవరూ అడగరు. ఆయన పోతే అందరికీ హాయి. గుమ్మంలోనే ఆపేసి, కాలం చెల్లిందని మర్యాదగా ఓ ముక్క చెప్పేయ్.”

గోడకు అవతల అసలు మామగారు పేపరు చదువుతున్నారు. చెవులు మాత్రం ఆయనవి కొత్త మోడలే. పోట్లాడే మనిషైతే ఆ తగువు అక్కడే తేలిపోయేది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, అల్లుడు బయల్దేరేదాకా ఆగి, తర్వాత చొక్కాలు మడవడం మొదలుపెట్టారు. భార్య రెండో కూతురి దగ్గర ఉంది. అక్కడికి పోదామని తన పాత ల్యాప్‌టాప్‌లో బస్సు టికెట్ కోసం వెతికారు. పరీక్షకని ముందురోజే జనానికి తెరిచిన ఆ సైట్ అల్లుడు చేసిందేనని ఎదురింటివాళ్లకు గర్వంగా చెప్పుకున్నారు కూడా.

టెస్టరమ్మాయి చెప్పిన పని చెప్పినట్టే చేసింది. ‘మీ బ్రౌజర్‌కు కాలం చెల్లింది. ఇకపై మీకు ఇక్కడ సేవలు అందవు’ అని రాసి పెట్టింది. కానీ మామగారి ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఆ పాత బ్రౌజరే, అందులో ఏదీ తన చోటున నిలవదు. పైన ఉండాల్సిన బస్సు బొమ్మ కిందికి జారి, సరిగ్గా ‘బ్రౌజర్‌కు’ అన్న మాట మీద ఆగింది. మిగిలిన ముక్కను మామగారు రెండుసార్లు చదువుకున్నారు. మీ కాలం చెల్లింది. ఇకపై మీకు ఇక్కడ సేవలు అందవు.

ఇదేమీ తెలియని పిక్సెల్ మేనేజరుతో కలిసి బస్సు కంపెనీ మెట్లెక్కుతుండగా భార్య ఫోన్ చేసింది.

“ఏమండీ, మా నాన్నని పొమ్మన్నారా?”

“మామయ్యగారినా? నేనెందుకంటాను!”

“సపోర్ట్ బంద్ అన్నారట. కాలం చెల్లిందని కంప్యూటర్లో కూడా రాశారట. ఆయన సంచి తీసుకుని వెళ్లిపోయారు.”

“అయ్యో, అది ఆఫీసులో మామగారి గురించి!”

“ఆఫీసులో ఇంకో మామగారున్నారా?”

ఆదుకుందామనుకున్న మేనేజరు ఫోన్ లాక్కున్నాడు. “అమ్మా, కంగారు పడకండి. ఇది ఈయనొక్కడి నిర్ణయం కాదు. మామగారిని తీసేద్దామని ఆఫీసంతా చేతులెత్తి ఒప్పుకున్నాం.”

ఫోన్ కట్టయింది. ఆ క్షణాన్నే లోపలికి రమ్మని పిలుపొచ్చింది.

యజమానురాలు కళ్లద్దాలు సర్దుకుని, పిక్సెల్ ల్యాప్‌టాప్‌లో సైట్‌ను పైనుంచి కిందిదాకా చూసింది. బస్సులు మెరిశాయి, బొత్తాలు తళతళలాడాయి. పిక్సెల్ బొమ్మల్ని చూపిస్తున్నాడు గానీ మనసంతా సంచి పట్టుకుని ఎక్కడో నడుస్తున్న పెద్దాయన మీదే ఉంది. ఆవిడ చెయ్యి కలం వైపు కదిలింది. అంతలో కింద టికెట్ కౌంటర్లో పనిచేసే గుమస్తా తలుపు తోశాడు.

“మేడమ్, టికెట్ కోసమొచ్చిన ఈ పెద్దాయన మన సైట్ తనని తిట్టిందంటున్నారు.”

వెనకాల ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ల్యాప్‌టాప్‌తో మామగారు.

మామగారు అల్లుణ్ని చూసీ చూడనట్టు వచ్చి ల్యాప్‌టాప్‌ను యజమానురాలి ముందు పెట్టారు. ఆవిడ పైకే చదివింది. తర్వాత తన బల్ల మీది సొంత కంప్యూటర్‌ను తెరిచింది. అదీ ఆ కాలం నాటిదే.

“నా కాలం కూడా చెల్లిందటయ్యా,” అంది. “ఎవరు రాశారిది?”

మేనేజరు పైకప్పు చూస్తున్నాడు. పిక్సెల్ లేచి నిలబడ్డాడు.

“నేనే రాయించాను మేడమ్. మామయ్యగారూ, అది మిమ్మల్ని కాదండీ. మీ బ్రౌజర్ని. ఆ మాట మీదికి బస్సు జారింది. పొద్దున నేనన్నదీ దాన్నే. మేం దాన్ని... మామగారంటాం.”

“ఆహా. ఎందుకండీ అల్లుడుగారూ ఆ పేరు?”

పిక్సెల్ తన ల్యాప్‌టాప్ మూత సగం వేసి, మళ్లీ తెరిచాడు. 

“పెద్దదని... గౌరవంకొద్దీ,” అన్నాడు పిక్సెల్.

“గౌరవమైతే గుమ్మంలో ఆపుతారా?” అంది యజమానురాలు. “మా కౌంటర్లన్నింటిలోనూ మీ మామగారే ఉన్నారు.”

పిక్సెల్‌కు నిజంగా సిగ్గేసింది. “తప్పు నాదేనండీ. బ్రౌజరు పేరు చూసి గెంటేశాను. నీకేం చేతనవునని ముందు దాన్ని అడగాల్సింది. ముందు ఎవరికైనా టికెట్ దొరకాలి. సోకులు చూడగలిగేవాళ్లకి ఆ తర్వాత సోకులు. పేజీ కట్టే పద్ధతే అది. తెలిసీ బద్ధకించాను.” మామగారి వైపు తిరిగాడు. “మామగారు ఉంటారండీ. నేను చూసుకుంటాను.”

మామగారి కళ్లు చెమర్చాయి. యజమానురాలు మాత్రం కలం మూత పెట్టేసింది.

“ఈయన ల్యాప్‌టాప్‌లో టికెట్ దొరికిన రోజు రండి, సంతకం పెడతాను. అందాకా ఈయన్ని ఊరు కదలనివ్వకండి.”

“మీరింత బతిమాలితే కాదంటానా,” అంటూ మామగారు సంచి అల్లుడి చేతికిచ్చారు.

ఆ మర్నాటి నుంచి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన నొక్కడం, “జారింది అల్లుడుగారూ” అనడం, ఇతను సరిచేయడం. చివరికొక పొద్దున బస్సు బొమ్మ తన చోటున నిలిచింది, బొత్తాం పనిచేసింది, టికెట్ వచ్చింది. పిక్సెల్ ఆనందం పట్టలేక ఆయన్ని కౌగిలించుకున్నాడు. సాయంత్రానికి సంతకమూ అయింది, ఉద్యోగమూ నిలిచింది.

ఆ టికెట్ అత్తగారి పేరున ఉంది, ఇటు రావడానికి. తిరుగు ప్రయాణం బొత్తాన్ని మామగారు ఇంకా పరీక్షించలేదు.