నల్లపెట్టెలో గోల్‌కీపరు

లోకంలో వస్తువులన్నీ మనుషులు చూడటం వల్లే పాడైపోతున్నాయని రూకీ కార్డుల శ్రేణి నిర్ణయ మండలి ఎప్పుడో తేల్చేసింది. తాకితే మాసిపోతాయని అందరికీ తెలుసు. చూసినా అరిగిపోతాయని కనిపెట్టడానికి మాత్రం ఒక ఉపసంఘం, ఆ ఉపసంఘానికి ఒక విహారయాత్ర అవసరమయ్యాయి. (వాళ్లిచ్చిన నివేదికను ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అందుకే అది ఇప్పటికీ కొత్తగా ఉంది.)

రూకీ కార్డంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం ఒక మాట. ఆటగాడు జట్టులో చేరిన మొదటి ఏడాది అచ్చువేసే అట్టముక్కను అలా అంటారు. ముందువైపు బొమ్మ, వెనకవైపు ఎత్తూ బరువూ ఉంటాయి. ఆ తర్వాత అతను ఎంతటివాడైనా సరే, ఇంకా ఏమీ కాని రోజుల్లో వచ్చిన ఆ కార్డుకే గిరాకీ. మనుషుల విషయంలో ఈ పద్ధతి ఎక్కడా పాటించడం లేదు.

కళ్లద్దాల షాపాయన దగ్గర ఇలాంటివి బీరువా నిండా ఉన్నాయి. వాటిలో ఆయనకు ప్రాణంతో సమానమైంది ఒక గోల్‌కీపరు కార్డు. చిన్నప్పుడు బబుల్‌గమ్ ప్యాకెట్లో దొరికింది. ఆ గోల్‌కీపర్ని జనం ‘గోడ’ అని పిలిచేవారు. గోడ ఆడింది ఒక్కటే సీజను. మోకాలు విరిగి ఇంటికి వెళ్లిపోయాడు. అతని కార్డులు దొరికిన పిల్లలు వాటిని సైకిలు చక్రాల్లో ఇరికించి టపటపలాడించుకున్నారు, తర్వాత అతన్నీ మర్చిపోయారు. షాపాయన మాత్రం మర్చిపోలేదు. వాన వెలిసిన మైదానంలో గోడ ఎడమవైపుకి ఎగిరి పెనాల్టీ ఆపిన తీరును నిన్న జరిగినట్టు చెప్పేవాడు. కంటి పరీక్షకు వచ్చినవాళ్లు అక్షరాలు చదవడం ఆపేసి, వేరే దారిలేక వినేవారు.

ఆ కార్డుని ఆయన మండలికి పంపాడు. మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ నడిమధ్యలో ఉన్నదీ లేనిదీ పరిశీలించి పదికి తొమ్మిది వేశారు. (పదికి పది ఎవరికీ ఇవ్వరు. పదికి తగిన కార్డు ఇంకా అచ్చు కాని కార్డేనని మండలి అభిప్రాయం.) తొమ్మిది వచ్చిన కార్డుకి వెలుతురు సోకకూడదు కాబట్టి దాన్ని నల్లటి పెట్టెలో పెట్టి, సీలు వేసి, పైన ‘లోపల కార్డు కలదు’ అని చీటీ అంటించి తిరిగి పంపారు. పంపేముందు ఫొటో తీసుకుందామని షాపాయనకూ అనిపించింది గానీ, ఫొటో తీసిన కార్డుకి ఒక మార్కు కోత. అందరికీ చూపు అమ్మే మనిషికి తన కార్డు తనకే కనబడకుండా పోయింది. అయినా సెలవురోజుల్లో ఆ పెట్టెని బయటికి తీసి, తుడిచి, కాసేపు మురిసిపోయి, మళ్లీ లోపల పెట్టేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే ఒక పెద్దాయన దగ్గరి చూపు అద్దాల కోసం వచ్చాడు. ఏ ఫ్రేము పెట్టినా ఒకపక్కకి వాలిపోతోంది.

“ఈ చెవి కొంచెం పైకుందండీ. పుట్టుకతోనేనా?” అని అడిగాడు షాపాయన, ఫ్రేము కాడ వంచుతూ.

“కాదు బాబూ. గోల్‌పోస్టుకి గుద్దుకున్నా. ఒక ఏడాది ఆడాన్లే. గోడ అనేవాళ్లు నన్ను. నవ్వకు, మా ఆవిడ నవ్వేది చాలు.”

షాపాయన చేతిలోని ఫ్రేము కిందపడింది. దాన్ని ఎత్తకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు. మొదలుపెట్టాక ఆగలేదు. వాన, మైదానం, పెనాల్టీ, తన దగ్గరున్న కార్డు అన్నీ ఏకరువు పెట్టాడు. ఆ పెనాల్టీ ఆపిన మనిషే శ్రద్ధగా విన్నాడు.

“ఎడమవైపుకేనంటావా? నాకు గుర్తులేదు. నువ్వు చూశావుగా, నీ మాటే నిజం” అన్నాడు గోడగారు. తర్వాత కొంచెం మొహమాటపడ్డాడు. “పెళ్లయిన కొత్తలో మా ఆవిడకి చెప్పా. నమ్మలేదు. ఇప్పటికీ ఇంటికెవరొచ్చినా, మావారు గోడట, సున్నం వేయించాలి అంటుంది. ఆ కార్డు ఒక్కసారి ఆవిడకి చూపిస్తావా? అప్పుడే నేనూ ఒకటి దాచుకోవాల్సింది. ముందుముందు ఇంకా మంచివి వస్తాయిగా అనుకున్నా.”

ఆ చివరి మాటకి షాపాయన ఇంక ఆగలేకపోయాడు. పరుగున వెళ్లి పెట్టె తెచ్చి రెండు చేతులతో అందించాడు. గోడగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నేనెక్కడున్నా?”

“లోపలండీ.”

మర్నాడు ఇద్దరూ మండలి కార్యాలయానికి వెళ్లారు. అక్కడ టోకెను కోసం ఒక వరస, ఆ వరసలో నిలబడ్డట్టు రుజువు కోసం మరో వరస ఉన్నాయి. రెండూ దాటి దర్శనాధికారి ముందుకు చేరారు. ఆయన ఎదుటివారి మొహం చూడకుండా మాట్లాడతాడు (చూస్తే అరిగిపోతారని కాబోలు).

“పెట్టె ఎందుకు తెరవాలి?”

“చూడటానికండి” అన్నాడు షాపాయన.

“చూడటం కారణాల్లో లేదండీ. అగ్నిప్రమాదం, వరద, వారసుల తగాదా. ఈ మూడిట్లో ఏదైనా జరిగిందా?”

“ఆ కార్డు మీదున్న ఆటగాడు ఈయనే సార్!”

అధికారి మొదటిసారి తలెత్తాడు. గోడగారినీ, పెట్టెనీ మార్చి మార్చి చూశాడు. “కార్డు అసలైనదని మా ధ్రువపత్రం ఉంది. మరి ఈయన అసలైనవాడని ఏముంది?”

“నేనున్నాను కదా బాబూ” అన్నాడు గోడగారు.

“మీరుంటే సరిపోదు. మీకో శ్రేణి ఉండాలి.”

నియమం నియమమే కాబట్టి గోడగారిని దీపం కింద నిలబెట్టి భూతద్దంతో పరిశీలించారు. మూలలు మొద్దుబారాయి. అంచులు అరిగాయి. ఉపరితలం మీద ముడతలు, రెండుచోట్ల పాత కుట్లు. నిలబెడితే బొమ్మ ఎడమకి ఒరుగుతోంది. పదికి మూడు. వ్యాఖ్య: ‘ఆటలో వాడిన ఆనవాళ్లు ఉన్నాయి.’

“మూడు వచ్చినవారు తొమ్మిదిని చూడటానికి వీల్లేదు” అన్నాడు అధికారి. ఆయనకీ జాలీ దయా లేకపోలేదు. “మీకూ ఓ పెట్టె కావాలంటే పక్క కౌంటర్లో కొలతలు తీసుకుంటారు” అని కలిపాడు.

“ఇప్పుడే ఏం తొందర బాబూ” అన్నాడు గోడగారు.

వాళ్లు తిరిగొచ్చేసరికి గోడగారి భార్య షాపులో కూర్చుని ఉంది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, గోడకున్న అక్షరాలని పెద్దవి మొదలుకుని చదువుతోంది.

“ఇవాళ కూడా అద్దాలకని చెప్పి పొద్దున్ననగా వెళ్లారు. ఎక్కడ తిరుగుతున్నారండీ?” అంది. షాపాయన సంగతంతా చెప్పాడు. ఆవిడ విని నుదురు కొట్టుకుంది. “ఇంట్లో చెప్పిన కోతలు చాలక ఆఫీసుల చుట్టూ కూడా తిప్పుతున్నారా? ఈ బాబుని కూడా నమ్మించారూ!”

గోడగారు కొత్త అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. అది చూసి షాపాయనకి సిగ్గేసింది. ఈయన కోసం ప్రాణమిస్తానని ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఆయన ప్రాణం అడగలేదు, పెట్టె మూత అడిగాడు. కానీ పదికి తొమ్మిది! అలాంటి కార్డు ఇంకెవరి దగ్గరా లేదు. షాపాయన పెట్టె వంక చూశాడు, పెద్దాయన వంక చూశాడు. ఫ్రేములు బిగించే చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని, కళ్లు మూసుకుని, సీలు కింద దూర్చి తిప్పాడు.

కార్డు బయటికొచ్చింది. ఆవిడ బొటనవేలు నేరుగా బొమ్మ మీదే పెట్టి పట్టుకుంది. షాపాయన పళ్లు బిగపట్టి ఊరుకున్నాడు. బొమ్మలో ఒక సన్నటి కుర్రాడు గాల్లో ఉన్నాడు. చేతులు చాచి, నాలుక పెదవి చివర్న బయటపెట్టి, బంతి వైపే చూస్తున్నాడు.

“నాలుక” అంది ఆవిడ. “బల్బు మార్చేటప్పుడూ ఇంతేగా. ఎన్నిసార్లు చెప్పినా లోపల పెట్టరు.”

తర్వాత కార్డునీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“ఈ సంగతి నాకు ముందే చెప్పొచ్చుగా!”

“చెబుతూనే ఉన్నానుగా” అన్నాడు గోడగారు.

కార్డు మీరే ఉంచుకోండమ్మా అన్నాడు షాపాయన. అన్నాక తనే ఆశ్చర్యపోయాడు, ఎంత సంతోషంగా ఉందో అని. ఆవిడ దాన్ని వంటింట్లో అందరికీ కనబడేలా కప్‌బోర్డు తలుపుకి, మండలికి తెలిస్తే మూర్ఛపోయేంత జిగురుతో అంటించింది.

మండలికి తెలియకపోలేదు. సీలు ఊడగానే సంగతి పెట్టే స్వయంగా విన్నవించుకుంది. వారం తిరక్కుండా షాపాయనకి తాఖీదు వచ్చింది. పూర్వాపరాలు పరిశీలించిన మీదట ఆయన పేరును రూకీ కార్డుల అభిమానుల జాబితా నుంచి శాశ్వతంగా తొలగించడమైనదని అందులో ఉంది. కారణం అన్నచోట అధికారి స్వహస్తాలతో రాశాడు: ‘ఆటగాడి మీద అభిమానం.’