కరెంటు బండికి నోరొచ్చింది

ఆ రోజు పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారి కార్ఖానాలో తయారైన చెక్క బీరువాను కొత్త బండిలో ఎక్కించుకుని, ఊరి అవతల పంతులమ్మగారి ఇంట్లో దించి, భోజనం వేళకు ఇల్లు చేరడం. పాత డీజిల్ లారీని వదిలించుకుని కరెంటు బండి కొన్నాక అదే మొదటి లోడు. "కొత్త బండి కదా, నేనూ వస్తా" అంటూ అత్తగారు చేతిసంచీతో సహా ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. కాదనడానికి వీల్లేదు. కార్ఖానా ఆవిడది, లోడ్లు ఎవరికివ్వాలో తేల్చేదీ ఆవిడే. సొంత లారీ ఉన్న తోడల్లుడు ఆ లోడ్ల కోసం ఎప్పటినుంచో గుటకలు మింగుతున్నాడు.

అల్లుడికి ఒక అలవాటుంది. పద్నాలుగేళ్ళుగా పాత లారీలో అత్తగారు పక్కన కూర్చున్నప్పుడల్లా, ఆవిడ ఏం చెప్పినా "అలాగే అత్తయ్యా" అని, ఆ వెంటనే మనసులోని మాటను పైకే అనేసేవాడు. లారీ ఇంజను రొదలో అది అతని చెవికే చేరేది కాదు. కడుపులో భారం దిగేది, కాపురం చల్లగా సాగేది.

కొత్త బండి వీధి మలుపు తిరిగింది. చప్పుడన్నదే లేదు.

"కాస్త నెమ్మదిగా పోనీ. బీరువాకి గీతలు పడతాయి."

"అలాగే అత్తయ్యా" అన్నాడు అల్లుడు. ఆపైన అలవాటు కొద్దీ, "గీతలొక్కటే తక్కువ! తలుపు తోస్తే పడదు, తంతే ఊడుతుంది. చవకబారు బందులు వేయించి పైన మెరుగు పూయిస్తుంది మహాతల్లి" అన్నాడు.

అత్తగారు మెల్లగా తల తిప్పింది. "ఎవరూ ఆ మాటన్నది?"

అల్లుడికి ఎదురుగా డాష్‌బోర్డు మీద మిలమిలలాడుతున్న తెర కనబడింది. "బండి, అత్తయ్యా! ఈ కొత్త బండ్లు మాట్లాడతాయి."

"అచ్చం నీ గొంతులాగే ఉందే?"

"యజమాని గొంతు పట్టేస్తాయట."

"నా బీరువా సంగతి దానికెలా తెలుసు?"

"బరువు చూసి కనిపెట్టిందేమో."

అత్తగారు తెరవైపు గుర్రుగా చూసింది. "ఏమే బండీ, ఎవర్నే మహాతల్లి అన్నావు?" బండి పలకలేదు. దారి పొడుగునా ఆవిడ అడుగుతూనే ఉంది. అల్లుడు పెదవి కొరుక్కుంటూ నడిపాడు.

పక్కింటివాళ్ళ సాయంతో పంతులమ్మ వాకిట్లో బీరువా దించగానే అత్తగారు ఉండబట్టలేకపోయింది. "చోద్యం చూడమ్మా! నా బీరువా తలుపు పడదంటోంది ఈ బండి!"

పంతులమ్మ ముప్పై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి. వెంటనే వెళ్ళి తలుపు తోసింది. పడలేదు. భుజం పెట్టి నెట్టింది. ఈసారి పడింది, తలుపు కాదు, బందు.

"బండి చెప్పిందే నిజం. తీసుకుపొండి" అంది కళ్ళజోడు సవరించుకుంటూ.

అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. ఆ నోటిదురుసు బండిని ఇవాళే వాపసు చేయిస్తానంది. రేపటినుంచి లోడ్లన్నీ చిన్నల్లుడికే అంది. అక్కడే నిలబడి బండి అమ్మిన షోరూముకు ఫోన్ చేసింది. అల్లుడు అడ్డుపడేలోపే స్పీకరులో జవాబు వచ్చింది.

"మా బండికి మాటలు రావమ్మా. వెనక్కి పోతే కుయ్యిమంటుంది, అంతే. పక్కనెవరైనా ఉన్నారేమో చూసుకోండి."

అత్తగారు చూసుకుంది. పంతులమ్మ కూడా అటే చూసింది, కాపీ కొడుతూ దొరికినవాణ్ణి చూసినట్టు.

తిరుగు దారిలో బీరువా వెనక మూలుగుతోంది. లోడ్లు పోయినట్టే, తోడల్లుడు ఈపాటికి లారీ కడుక్కుంటూ ఉంటాడని అల్లుడు కుమిలిపోతుండగా పక్కనుంచి గొణుగుడు మొదలైంది.

"సన్నాసి. బండిలో పులి, దిగితే పిల్లి. ఆ చొక్కా కన్నా గోనెసంచి నయం. అయినా బీరువాలన్నీ వెనక్కొస్తుంటే ఎందుకో ఒక్కడైనా చెప్పాడా ఇన్నాళ్ళూ? వీడు అలాగే అంటాడు, చిన్నోడు బ్రహ్మాండం అంటాడు."

అల్లుడు ఉలిక్కిపడ్డాడు. "అత్తయ్యా, నాకు వినబడుతోంది."

ఆవిడ నాలుక కరుచుకుంది. "పాత లారీలో వినబడేది కాదే!"

"అంటే... మీరు కూడానా?"

"మరి? పద్నాలుగేళ్ళు నాకు మాత్రం కడుపు ఉబ్బదూ?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ముందు అత్తగారికి నవ్వొచ్చింది. తర్వాత బండిని పక్కకు తీసి ఆపాల్సి వచ్చింది.

"మంచి బందులు నువ్వే చూసి కొనుక్కురా" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఇకమీద నువ్వు తోసి చూశాకే బీరువా గేటు దాటుతుంది. లోడ్లు నీవే. మహాతల్లి అన్నందుకు మాత్రం, ఈ బీరువా బాగయ్యాక పంతులమ్మ ఎదురుగా వందసార్లు తలుపు వేసి చూపించి రా."

అల్లుడు అత్తగారిని దింపి ఇల్లు చేరేసరికి సంగతంతా ఆవిడ ఫోనులో అతనికన్నా ముందే చేరింది. భార్య గుమ్మంలోనే ఎదురైంది. "రేపు నేనూ వస్తాను బండిలో. ఇన్నేళ్ళూ నా గురించి ఏమనుకుంటున్నారో వినాలి."

అల్లుడు నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. అనదల్చుకున్నదంతా మనసులోనే అనుకున్నాడు. పద్నాలుగేళ్ళ సంసారంలో అదే మొదటిసారి.